చెక్కు పట్టుకుని ఫొటో దిగితే అది సాయమా? పక్కింటి యూదుల చావు చూశాక ఒక సందేహం

ఎడిసన్_వెంకట్
పోయిన నెల ఇక్కడ న్యూజెర్సీలో మా పక్కింటి పెద్దాయన పోయారు. యూదులు. పన్నెండేళ్ళుగా ఇద్దరికీ ఒకటే కంచె. మంచు పడ్డప్పుడు మా వాకిలి కూడా ఆయనే ఊడ్చేవారు. పళ్ళ డాక్టరుగా బాగా సంపాదించిన మనిషి. సమాధి దగ్గర పెట్టె చూసి తెల్లబోయాను. రంగు లేదు, నగిషీ లేదు, ఇనుప మేకు కూడా లేదు. ఉత్త చెక్క. లోపల తెల్లబట్టలు, వాటికి జేబులుండవట. కోటీశ్వరుడైనా కూలివాడైనా అదే బట్ట అన్నాడు కొడుకు. పార కూడా ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకోలేదు. మట్టి పోసినవాడు దాన్ని గుట్టలో గుచ్చి పక్కకు జరిగితే తర్వాతివాడు తీసుకున్నాడు.

నేను పెద్ద పూలగుత్తి పట్టుకెళ్ళాను. నేను నొచ్చుకోకుండా ఆ ఇంటి కోడలు చెప్పింది, "పూలు వద్దండి, ఆయన పేరు మీద ఎక్కడైనా త్సెదకా ఇవ్వండి" అని. అంటే దానమా అన్నాను. కాదు, న్యాయం అంది. ఎంత ఇవ్వాలి, రసీదు మీద నా పేరు రాయించాలా అని అడిగా. పేరు లేకపోతే ఇంకా మంచిదంది.

ఇప్పుడు నా బాధ. నిరుడు ఇక్కడ ఒక తెలుగబ్బాయి కారు ప్రమాదంలో పోయాడు. మా సంఘం వాళ్ళు చందాలు పోగుచేశారు, మంచిదే. కానీ పదకొండో రోజు కూడా కాకుండానే ఆ అమ్మాయిని నిలబెట్టి, తలుపంత చెక్కు చేతికిచ్చి, ఫొటో తీసి అన్ని గ్రూపుల్లో పెట్టారు. ఆ ఫొటోలో వెనక వరసలో నేనూ ఉన్నాను. ఇవాళ దాన్ని మళ్ళీ చూశాను. వీళ్ళది మతం పెట్టిన రూలా, లేక ఆ కుటుంబం మంచిది కాబట్టి అలా చేశారా? దానాన్ని న్యాయం అనడమేమిటి?

కాలనీ_అంకుల్
మనకు గుప్తదానం లేదా ఏమిటి. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు.

సందేహాల_శీను
అంకుల్, అది మత్తయి సువార్త. చెప్పినాయన కూడా యూదుడే 😀

కాలనీ_అంకుల్
అలాగా. మా నాన్నగారు రోజూ అనేవారు, ఆయనదే అనుకున్నా.

లైబ్రరీ_పురుగు
వెంకట్ గారూ, రూలే. త్సెదకా అనే మాట త్సెదెక్ నుంచి వచ్చింది, అర్థం న్యాయం, ధర్మం. పొలం కోసేటప్పుడు అంచులు కోయకూడదు, రాలిన వెన్నులు ఏరుకోకూడదు, అవి పేదవాడివి అని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంటుంది. రైతు ఇచ్చే దానం అనలేదు, అసలు ఆ ముక్క రైతుది కాదన్నారు. మన ఊళ్ళలో పరిగె ఏరుకోవడం ఉంది చూడండి, అదే. మనవాళ్ళు దయతలిచి ఏరుకోనిస్తారు, అక్కడ రానివ్వకపోతే రైతుది తప్పు.

పన్నెండో శతాబ్దంలో మైమోనిడిస్ అని ఒకాయన, ఈజిప్టులో వైద్యుడు, గొప్ప ధర్మశాస్త్రవేత్త. ఇవ్వడానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. ముఖం మాడ్చుకుని ఇచ్చేది అట్టడుగు. తక్కువైనా నవ్వుతూ ఇస్తే దానిపై మెట్టు. అడిగాక ఇవ్వడం, అడక్కముందే ఇవ్వడం, ఇలా పోతుంది. పైనుంచి రెండోది, ఎవరిచ్చారో పుచ్చుకునేవాడికి తెలియదు, ఎవరికి వెళ్ళిందో ఇచ్చేవాడికి తెలియదు. అన్నిటికంటే పైది దానమే కాదు. అప్పివ్వడమో, వ్యాపారంలో భాగం ఇవ్వడమో, పని ఇప్పించడమో చేసి, మళ్ళీ చెయ్యి చాపే అవసరం లేకుండా చెయ్యడం. మీ సంఘం వారి తలుపంత చెక్కు ఎన్నో మెట్టో నాకు తెలియదు, వరండాలోనే ఆగిపోయినట్టుంది.

ఇక ఆ తెల్లబట్టల కథ యూదుల పాత ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉంది. ఒకప్పుడు శవానికి ఖరీదైన బట్టలు కట్టేవారట. చావు కంటే ఆ ఖర్చే భారమై, కొందరు శవాన్ని వదిలి పారిపోయేవారు. రబ్బాన్ గమలియేల్ పెద్ద హోదా మనిషి. తనను మామూలు నారబట్టలో తీసుకెళ్ళమన్నాడు. పెద్దాయనే అలా పోయాక ఇక పేదవాడికి సిగ్గేముంది. అప్పట్నుంచి అందరూ అదే దారి.

వంకాయ_బాత్
ఈ గమలియేల్ గారు మన పెళ్ళిళ్ళకు కూడా ఒకసారి వస్తే బాగుండు.

నైట్_డ్యూటీ_సిస్టర్
దానం మీద బతికేవాడు కూడా అందులోంచి కొంత దానం ఇవ్వాలి, అది కూడా రూలే. మొదట విన్నప్పుడు అన్యాయం అనిపించింది. మా పేషెంట్ ఒకావిడ చెప్పింది, "ఇవ్వగలిగినంత కాలం నేను బిచ్చగత్తెను కాను" అని.

నేను బ్రూక్లిన్‌లో చేస్తాను. మా హాస్పిటల్లో ఒక చిన్న గది ఉంటుంది, బికుర్ ఖోలిం వాళ్ళది, అంటే రోగులను చూసుకునేవాళ్ళు. ఫ్రిజ్ నిండా తిండి, కాఫీ, చార్జర్లు. తాళం ఉండదు, రిజిస్టర్ ఉండదు, నువ్వు ఎవరు అనే మాటే ఉండదు. రాత్రి మూడింటికి నేనెన్నిసార్లు అక్కడ సూప్ తాగానో. ఎవరు నింపుతారో ఇప్పటికీ చూడలేదు.

సందేహాల_శీను
అంతా బాగానే ఉంది గానీ ఒక మాట. ఇదంతా వాళ్ళు వాళ్ళకు చేసుకునేదే కదా? మనకు కులసంఘం హాస్టల్ ఉన్నట్టు. న్యాయం అంటే అందరికీ ఉండాలి.

లైబ్రరీ_పురుగు
శీనూ, తాల్ముద్‌లోనే ఉంది, ఇతరుల పేదలను కూడా మన పేదలతో పాటు పోషించాలి, శాంతి కోసం అని. అయితే "శాంతి కోసం" అంటే నిజంగా బాధ్యతా, లేక ఇరుగుపొరుగుతో గొడవ రాకుండా జాగ్రత్తా అని వాళ్ళే ఇప్పటికీ వాదించుకుంటారు. చేతల్లోకి వస్తే, న్యూయార్క్‌లో 1892లో మొదలైన హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ వడ్డీ లేకుండా అప్పులిస్తుంది, మతం అడగదు. హామీదారులు కావాలంతే. సియర్స్ కంపెనీ నడిపిన జూలియస్ రోజెన్‌వాల్డ్, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి వాషింగ్టన్‌తో కలిసి అమెరికా దక్షిణాదిలో నల్లజాతి పిల్లలకు దాదాపు 5,000 బడులు కట్టించాడు. ఊరివాళ్ళు కూడా తమ వంతు వేసుకోవాలని షరతు.

ట్రెంటన్_రమణ
న్యూజెర్సీ అన్నారు కాబట్టి మా దగ్గరి సంగతి. నెవార్క్‌లో యోఆకిం ప్రిన్జ్ అని రబ్బీ, అంటే యూదు మతగురువు, ఉండేవాడు. అంతకుముందు బెర్లిన్‌లో, హిట్లర్ కాలంలో. 1937లో అక్కడ్నుంచి వెళ్ళగొట్టారు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో నల్లజాతివారి హక్కుల ర్యాలీలో మార్టిన్ లూథర్ కింగ్ కంటే కాస్త ముందు ఈయన మాట్లాడాడు. ద్వేషం కంటే పెద్ద సమస్య చూస్తూ నోరు మూసుకోవడం, అది జర్మనీలో నేర్చుకున్నాను అన్నాడు. 1965 మార్చిలో సెల్మా ఓటు హక్కు నడకలో ముందు వరసలో గడ్డం పెద్దాయన కనపడతాడే, ఆయన అబ్రహాం జాషువా హెషెల్. పోలండ్ నుంచి తప్పించుకొచ్చినవాడు. ఇంట్లోవాళ్ళను నాజీలు చంపేశారు.

సందేహాల_శీను
రమణ అన్నా, ఆ ఫొటో అందరూ చూపిస్తారు. ఆ నడకకు రాని వాళ్ళ ఫొటో ఎవరూ తీయలేదు. దక్షిణాది ఊళ్ళలో చాలా సినగాగులు (యూదుల ప్రార్థనామందిరాలు) గమ్మున ఉన్నాయి, దుకాణాలు పోతాయని భయం. 1968లో బ్రూక్లిన్ ఓషన్ హిల్-బ్రౌన్స్‌విల్‌లో టీచర్ల సమ్మె. టీచర్లలో యూదులు ఎక్కువ, పిల్లలు నల్లవాళ్ళు. ఆ గొడవతో రెండు వర్గాలకూ చాలా ఏళ్ళు మాటల్లేవు.

ట్రెంటన్_రమణ
కాదనను. 1964లో మిసిసిపిలో ఓటర్ల నమోదుకు వెళ్ళి హత్యకు గురైన ముగ్గురిలో ఇద్దరు యూదు కుర్రాళ్ళు, ఒకరు నల్లజాతి కుర్రాడు. అదీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే.

చేబ్రోలు_పక్కూరు
న్యూజెర్సీ దాకా ఎందుకండీ, మా గుంటూరు జిల్లాలో లేరా యూదులు? చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1991 నుంచి సినగాగు ఉంది. బెనె ఎఫ్రాయిం అంటారు. మాదిగ కుటుంబాలు, అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. ఇశ్రాయేలు పోగొట్టుకున్న పది గోత్రాల్లో ఎఫ్రాయిం గోత్రం మాది అంటారు. ఊళ్ళో ఎవరైనా గొడ్డుమాంసం తింటారని ఎగతాళి చేస్తే, అది మా పాత ఆచారానికి ఆనవాలు అని తిరిగి చెప్తారు. ఆ మాట మొదట విన్నప్పుడు నాకు పదహారేళ్ళు. ఎవరో చెంప మీద కొట్టినట్టయింది, ఎందుకంటే ఆ ఎగతాళి చేసిన గుంపులో నేనూ ఉన్నా.

ఒకసారి శుక్రవారం సాయంత్రం వెళ్ళాను. చిన్న గది, గోడ మీద హీబ్రూ అక్షరాలు, మధ్యలో తెలుగు ప్రార్థన. శనివారం పనికి వెళ్ళరు. నాట్ల రోజుల్లో కూలిమనిషి ఒక రోజు మానేస్తే మేస్త్రీ ఊరుకుంటాడా? వాళ్ళు దాన్ని ఎలా సర్దుకుంటారో అడగాలని ఉండె, మొహమాటపడి అడగలేదు.

ఇశ్రాయేల్ ప్రభుత్వం వీళ్ళను గుర్తించలేదు. మణిపూర్, మిజోరంలో ఇలాగే యూదులమనే బ్నెయ్ మెనషెలను అక్కడి సెఫార్డీ ప్రధాన రబ్బీ 2005లో ఒప్పుకున్నాడు, వేలమంది వెళ్ళారు కూడా. మావాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఇది కులం నుంచి బయటపడే దారి అని కొందరు, కాదు నిజమైన విశ్వాసమని కొందరు అంటారు. రెండూ ఒకటే ఎందుకు కాకూడదో నాకు అర్థం కాదు.

వంకాయ_బాత్
చేబ్రోలులో బ్రహ్మదేవుడి గుడి ఒక్కటే తెలుసు ఇన్నాళ్ళూ. 🙏

బదిలీల_బాబ్జీ
బ్యాంకులో ఉండగా మూడేళ్ళు ఎర్నాకుళం వేశారు నన్ను. కులం అన్నారు కాబట్టి చెప్తున్నా, కొచ్చిన్ యూదుల్లోనే ఉండేది అది. 1568 నాటి పరదేశి సినగాగు తెల్ల యూదులది. వాళ్ళ దగ్గర బానిసలుగా ఉండి విడుదలైనవాళ్ళ సంతతి మెషుఖ్రరిమ్‌లను లోపల కూర్చోనిచ్చేవారు కాదు, మెట్ల మీద, నేల మీద. ఆ కుటుంబాల్లో పుట్టిన ఏ.బి. సేలం లాయరయ్యాడు, కొచ్చిన్ శాసనమండలిలో కూర్చున్నాడు, కార్మికుల కోసం కొట్లాడాడు. కానీ సొంత సినగాగులో బెంచీ లేదు! గాంధీ గారి సత్యాగ్రహం పట్టుకుని సినగాగులోనే చేశాడు. కొన్నేళ్ళకు దిగొచ్చారు. యూదు గాంధీ అంటారు అక్కడ. ఆ వీధికి ఆయన పేరే. నేను రోజూ స్కూటర్ మీద వెళ్ళిన వీధి, పేరెవరిదో తెలుసుకునే సరికి బదిలీ ఆర్డర్ వచ్చింది.

లైబ్రరీ_పురుగు
బాబ్జీ గారి మాటకు తోక. మన మహారాష్ట్ర బెనె ఇజ్రాయెల్ యూదులు ఇశ్రాయేల్ వెళ్ళాక 1960ల్లో వాళ్ళ పెళ్ళిళ్ళు చెల్లుతాయా, వంశం శుద్ధమేనా అని ఆరా తీయాలని రబ్బీలు ఆదేశమిచ్చారు. 1964లో జెరూసలేంలో ధర్నా చేశాక గానీ ఆ ఆదేశం పోలేదు. మొరాకో వైపు నుంచి వచ్చిన పేద కుర్రాళ్ళు 1971లో జెరూసలేం ముస్రారా పేటలో బ్లాక్ పాంథర్స్ అని పేరు పెట్టుకుని రోడ్డెక్కారు. ప్రధాని గోల్డా మెయిర్ వాళ్ళను మంచి పిల్లలు కాదంది.

కాలనీ_అంకుల్
యుద్ధం సంగతి ఎవరూ ఎత్తరేం? గాజాలో జరుగుతున్నది చూస్తూ న్యాయం న్యాయం అంటుంటే...

సందేహాల_శీను
నేనే ఎత్తుదామనుకున్నా.

చావడి_పెద్ద (మోడరేటర్)
ఎత్తండి, కానీ ఈ దారం విషయంలోంచి. ఎవరు గెలవాలి అనే చర్చకు వేరే దారం ఉంది, అక్కడ 900 పోస్టులున్నాయి, ఎవరూ మారలేదు.

ట్రెంటన్_రమణ
విషయంలోంచే. మా ఆఫీసులో ఇద్దరు యూదులు, ఒకే సినగాగు. 2023 అక్టోబరు 7 హమాస్ దాడి తర్వాత ఒకామె, మన వాళ్ళు బందీలుగా ఉండగా వేరే మాట ఎత్తడమే తప్పంది. బందీలను విడిపించడం వాళ్ళ ధర్మంలో చాలా పెద్ద బాధ్యత. రెండో ఆయన అక్టోబరు 27న న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో యుద్ధం ఆపమని బైఠాయించి అరెస్టయ్యాడు, నల్ల టీషర్టు మీద "మా పేరు మీద వద్దు" అని. ఇద్దరూ చూపించింది ఒకే వాక్యం, "న్యాయాన్ని, న్యాయాన్నే వెంటాడు", ద్వితీయోపదేశకాండం 16. ఇప్పుడు లంచ్ వేరువేరు టేబుళ్ళ దగ్గర. మధ్యలో నేను కూర్చుంటా.

సహకార_సంఘం_సుబ్బారావు
నేను రాద్దామనుకున్నది వేరే. మెట్ల గురించి చదివాక మా మనవడు తిక్కున్ ఓలం అనే మాట చెప్పాడు, లోకాన్ని బాగుచేయడం అట. అమెరికాలో ప్రతి యూదు కుర్రాడి నోట ఇదే మాట అన్నాడు. ఎక్కడిదిరా అంటే మిష్నా అనే వాళ్ళ పాత ధర్మసూత్రాల పుస్తకంలో అప్పుల చట్టం అన్నాడు! ఇక ఆగలేకపోయాను, ముప్పై రెండేళ్ళు సహకార సంఘంలో అప్పులే నా బతుకు.

సంగతేమిటంటే, ఏడో ఏడు వస్తే అప్పులన్నీ మాఫీ, తోరా (వాళ్ళ మూలగ్రంథం) ఆజ్ఞ. మంచి ఉద్దేశమే. కానీ ఏడో ఏడు దగ్గర పడేకొద్దీ ఎవరూ అప్పివ్వడం మానేశారు. అలా మానకండి, అది పాపం అని కూడా తోరా ముందే రాసింది, వినేదెవరు. పేదవాడికే నష్టం. అప్పుడు హిల్లెల్ అనే రబ్బీ ఒక కాగితం కనిపెట్టాడు, ప్రొజ్బుల్. అప్పును కోర్టుకు అప్పగిస్తారు, వ్యక్తి బాకీ కాదు గనక మాఫీ వర్తించదు. ఇచ్చేవాడికి ధైర్యం, పుచ్చుకునేవాడికి అప్పు పుట్టింది. దీన్ని లోకం బాగు కోసం చేశాడు అని రాశారట.

2014లో రెండు రాష్ట్రాల్లో రుణమాఫీ మాట వచ్చినప్పుడు మా సంఘంలో ఏం జరిగిందో చెప్తా. ఎన్నికలకు ఆరు నెలల ముందే కట్టడం ఆగిపోయింది, బుద్ధిగా కట్టేవాళ్ళది కూడా. మాఫీ విడతలుగా వచ్చింది, ఈలోగా వడ్డీ పెరిగింది, పాత బాకీ తీరందే కొత్త అప్పు ఇవ్వం అన్నాం. రైతు నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసుకున్నాడు. మాఫీ తప్పని నేననను, ఉరేసుకోబోయి ఆగినవాళ్ళను చూశాను. కానీ ఆ ఏడు మా ఊరికి ఒక హిల్లెల్ కావాల్సింది.

వంకాయ_బాత్
మన నోటుకు మూడేళ్ళకే కాలదోషం పడుతుంది, వాళ్ళది ఏడేళ్ళు. వాళ్ళే నయం సుబ్బారావు గారూ.

సహకార_సంఘం_సుబ్బారావు
అందుకే కదయ్యా తిరగరాయించుకునేది 😄

లైబ్రరీ_పురుగు
సుబ్బారావు గారు పట్టుకున్నారు అసలు ముడి. ఇప్పుడు అమెరికాలో ఆ మాట వాతావరణం నుంచి వలసల దాకా అన్నిటికీ వాడతారు. సంప్రదాయవాదులకు ఒళ్ళు మంట. రోజువారీ ప్రార్థనలో "దేవుని రాజ్యంలో లోకాన్ని సరిచేయడం" అని ఉంటుంది, మీరు దేవుణ్ణి తీసేసి పార్టీ మేనిఫెస్టో పెట్టారు అంటారు. పదహారో శతాబ్దంలో సఫెద్ ఊళ్ళో లూరియా అనే మార్మికుడి శిష్యులు దానికి ఇంకో అర్థం చెప్పారు, చెదిరిన దివ్యకాంతిని ఏరడం అని. నా మట్టుకు సుబ్బారావు గారి అర్థమే నచ్చింది. లోకం బాగు అంటే ఒక కాగితం సరిగ్గా రాయడం.

సుభద్ర_హెచ్
ఇంతసేపూ మగవాళ్ళ న్యాయమే నడిచింది. కాగితం సరిగ్గా రాయడం అన్నారు కదా, విడాకుల కాగితం సంగతేంటి? యూదుల మతచట్టంలో గెట్ అనే పత్రం భర్త ఇస్తేనే విడాకులు. ఇవ్వకపోతే ఆమె అగునా, గొలుసులో ఉన్న మనిషి. కోర్టు విడాకులిచ్చినా మళ్ళీ మతం ప్రకారం పెళ్ళి కాదు. గెట్ ఇవ్వాలంటే ఇల్లు రాసివ్వు అని బేరం పెట్టేవాళ్ళుంటారు. న్యూయార్క్ రాష్ట్రం 1983లో చట్టం తెచ్చింది, రబ్బీలు పెళ్ళికి ముందే ఒప్పందం రాయించుకోవడం మొదలెట్టారు, విడిపోయాక గెట్ ఇచ్చేదాకా రోజుకింత కట్టాలని. ఇశ్రాయేల్లో ఇవ్వని మొగుళ్ళను జైల్లో పెట్టిన సందర్భాలున్నాయి, అక్కడ కూర్చుని కూడా ఇవ్వనివాళ్ళున్నారు.

రబ్బీ తలుచుకుంటే తోరా మాఫీకే దారి కనిపెట్టాడు. దీనికి రెండువేల ఏళ్ళుగా దొరకలేదా అని వాళ్ళ ఆడవాళ్ళే అడుగుతున్నారు.

నైట్_డ్యూటీ_సిస్టర్
👏 ఈ మాట మా ఫ్లోర్‌లో రెండుసార్లు విన్నాను, కన్నీళ్ళతో.

లైబ్రరీ_పురుగు
సుభద్ర గారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు.

పార్సిప్పనీ_పద్మ
కాస్త వేరే సంగతి. మా కౌంటీ వైపు స్తంభాలకు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు కడితే మా అసోసియేషన్ మీటింగ్‌లో ఒక తెలుగాయనే లేచి "వీళ్ళు ఊరంతా ఆక్రమిస్తున్నారు" అన్నాడు. అది ఎరూవ్. శనివారం ఇంటి బయట ఏదీ మోయకూడదు, తాళం, పిల్లల బండి కూడా. తీగతో చుట్టూ హద్దు గీస్తే ఊరంతా ఒక ఇల్లు లెక్క, అప్పుడు మోయొచ్చు. పసిపిల్లల తల్లులు సినగాగుకు రాగలిగేది దానివల్లే. మావా అనే ఊళ్ళో 2017లో తీసేయమంటే రాష్ట్ర అటార్నీ జనరల్ కేసు వేశాడు, చివరికి టౌన్‌షిప్పే వెనక్కి తగ్గింది. రేపు మన గుడి గోపురం ఎత్తు మీద ఇదే మీటింగ్ పెడతారని ఆయనకు చెప్పా. కూర్చున్నాడు.

ఎడిసన్_వెంకట్
అందరికీ థాంక్స్. నిన్న మా సంఘం మీటింగ్‌లో ఎత్తాను. ఇక మీదట చెక్కు ఫొటో వద్దు, ఇంటికెళ్ళి ఇద్దాం అన్నాను. ప్రెసిడెంటు గారు, "ఫొటో లేకపోతే ఇచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది, వచ్చే ఏడు చందా ఎవరిస్తారు" అన్నారు. నిజంగానే అడిగారు, వెటకారం కాదు. నాకు జవాబు తోచలేదు.

లైబ్రరీ_పురుగు
ఆ ప్రశ్నకు మిష్నాలో జవాబుంది వెంకట్ గారూ. ఊరి నిధి వసూలుకు ఇద్దరు వెళ్ళాలి, పంచడానికి ముగ్గురు కూర్చోవాలి, కోర్టు లాగా. నమ్మకం లెక్కల్లోంచి రావాలి. పుచ్చుకున్నవాడి మొహం చూపిస్తే వచ్చేది కాదు.

ఎడిసన్_వెంకట్
మా దగ్గర వసూలూ పంపకమూ ఒక్కరే. ట్రెజరర్.

సందేహాల_శీను
ఎవరు?

ఎడిసన్_వెంకట్
ప్రెసిడెంటు గారి బావమరిది.

వంకాయ_బాత్
ముగ్గురిలో ఇద్దరు కుదిరారు, ఇంకొకరు చాలు 😂

పార్సిప్పనీ_పద్మ
ఒక చిన్న అవసరం. మా అబ్బాయి టీచరు వాళ్ళమ్మ పోయారు, యూదులు. ఏడు రోజులు ఇంట్లోనే కూర్చుంటారట కదా. తిండి తీసుకెళ్ళాలి, పులిహోర చేయనా?

నైట్_డ్యూటీ_సిస్టర్
చేయకండి పద్మ గారూ, కోషర్, అంటే వాళ్ళ తిండి నియమాలు, పాటిస్తే మన వంటింట్లో వండింది తినలేరు, వద్దనలేక ఇబ్బంది పడతారు. ముందు ఇంట్లో ఎవరినైనా అడగండి. తెలియకపోతే కోయని పళ్ళు. లేదా కోషర్ కొట్లో సీలు వేసింది. బెల్లు కొట్టక్కర్లేదు, తలుపు తీసే ఉంచుతారు. వాళ్ళు మాట్లాడేదాకా మనం మాట్లాడకూడదు, ఊరికే కూర్చోండి.

పార్సిప్పనీ_పద్మ
వెళ్ళొచ్చాను. యాపిల్స్, నారింజలు. అరగంట కూర్చున్నా, ఆవిడ ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. లేచేటప్పుడు చెయ్యి పట్టుకుంది. పులిహోర మాత్రం చేసేశాను ముందే, ఎవరికైనా కావాలంటే చెప్పండి.